క్వార్టర్ ఖాళీ చేశాక కుక్క ఎవరిది?

కరణ్‌కోట సిమెంటు కాలనీలో క్వార్టర్ ఖాళీ చేసే రోజున పనులన్నీ ఒక వరసలో జరిగిపోతాయి. పొద్దున్నే లారీ వస్తుంది. బీరువా, మంచాలు, ఫ్రిజ్ ఎక్కుతాయి. పాల లెక్క, ఇస్త్రీ లెక్క తెగుతాయి. తులసి కుండీని పక్కింటావిడ ముందే అడిగి పెట్టుకుంటుంది. సగం మిగిలిన నూనె డబ్బా, పాత చాపలు పనిమనిషికి పోతాయి. కుక్క ఒక్కటే లారీ చుట్టూ తిరుగుతూ ఉంటుంది. దాని సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి మరి.

నేను చూసిన కుక్క పేరు రాజు. ఇటుక రంగు నాటు కుక్క, ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి ఉండేది. ఇంటాయన రిటైరై సొంతూరు వెళ్లిపోయాక అది తాళం పడ్డ గేటు ముందు పదకొండు రోజులు కూర్చుంది. తిండికి లోటు లేదు. జొన్నరొట్టె ముక్క వేసేవాళ్లు ఆ వీధిలో నలుగురైనా ఉన్నారు. లోపలికి పిలిచినవాళ్లే లేరు. పన్నెండో రోజున మా చిన్నాయన దాన్ని తాండూరులో ఒక బండల పాలిషింగ్ యూనిట్‌కు కాపలాకని ఇచ్చి వచ్చాడు. నెల తిరక్కముందే మెడలో తెగిన గొలుసు ముక్క వేలాడుతూ అది మళ్లీ అదే గేటు ముందుకు వచ్చి కూర్చుంది. అప్పటికి క్వార్టర్‌లో వేరేవాళ్లు దిగారు. వాళ్ల పిల్లలకు కుక్కలంటే భయం.

ఈ కథలో చెడ్డవాళ్లు లేరు. నన్ను ఇన్నేళ్లుగా గుచ్చుతున్నది అదే. పెంచినాయన దాన్ని తరిమి వెళ్లలేదు, వెళ్లేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పాలిషింగ్ యూనిట్ వాళ్లు రెండు పూటలా అన్నం పెట్టారు. కాలనీవాళ్లు రొట్టె పెట్టారు. ఇంతమంది మంచివాళ్ల నడుమ ఒక కుక్క ఎలా అనాథ అయింది? పెంపుడు కుక్కకు ఇంకో ఇల్లు చూడటాన్ని మనం ఇంకా ఒక పని కింద లెక్కవేయకపోవడమే దీనికి కారణమని నేననుకుంటాను. పిల్ల పెళ్లికి రెండేళ్ల ముందు నుంచే సంబంధాలు విచారించే మనం, కుక్క విషయానికి వచ్చేసరికి లారీ వాకిట్లో నిలబడ్డాక మొదలుపెడతాం.

కరణ్‌కోటలో ఈ చిక్కు కొట్టొచ్చినట్టు కనిపించడానికి కారణముంది. 1965లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వారి తాండూరు ఫ్యాక్టరీ ఉన్నది ఇక్కడే. కంపెనీ కాలనీ ఎక్కడైనా అంతే, ఇల్లు ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతో పోతుంది. ఇదే సంస్థకు కర్ణాటక సరిహద్దు అవతల కుర్‌కుంటలో, మన ఆదిలాబాద్‌లో ఒకప్పుడు ఫ్యాక్టరీలుండేవి, మూతపడ్డాయి. నడుస్తున్నవి తాండూరు కాక అస్సాంలో బొకాజన్, హిమాచల్‌ప్రదేశ్‌లో రాజ్‌బన్. కాబట్టి ఇక్కడ బదిలీ అంటే పరిగికో వికారాబాద్‌కో పోవడం కాదు, దేశాన్ని అడ్డంగా దాటడం. రైల్లో కుక్కను తీసుకుపోవాలంటే ఫస్ట్ ఏసీలో క్యాబినో కూపేనో మొత్తం మన పేరన దొరకాలి. లేదంటే గార్డు వ్యాన్‌లో కుక్కల కోసం ఉంచిన పెట్టెలో వేయాలి. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో ఒళ్లో పెట్టుకుని కూర్చుంటామంటే కుదరదు. ఇద్దరు పిల్లలతో, పన్నెండు సామాన్లతో, రెండు మూడు బళ్లు మారుతూ పోయే సంసారం ఆ పెట్టెను తలచుకునే వెనకడుగు వేస్తుంది. నేను తప్పు పట్టను. మే నెల ఎండలో ఆ పెట్టెలో రెండు రాత్రులు గడపడం కుక్కకూ మేలు కాదు.

కంపెనీ కాలనీల సంగతి ఇలా ఉంటే, తాండూరు పట్నంలో, వికారాబాద్‌లో, ఆ మాటకొస్తే తెలుగు ఊళ్లన్నిటా ఇరవై ఏళ్లుగా కొత్త కారణం ఒకటి పెరిగింది. అబ్బాయి ఇంజనీరింగ్ చదివేటప్పుడు ముచ్చటపడి లాబ్రడార్ పిల్లను తెస్తాడు. తల్లి మొదట తిడుతుంది, ఆరు నెలలకు దానికి పెరుగన్నం కలిపేది ఆవిడే. అబ్బాయి ఎమ్మెస్‌కు అమెరికా వెళ్తాడు. కుక్క తల్లిదండ్రుల దగ్గర ఉండిపోతుంది. ఇంకో నాలుగేళ్లకు కోడలి పురుడో కూతురి పురుడో వస్తుంది, పెద్దవాళ్లిద్దరూ ఆరు నెలలకు టికెట్లు తీస్తారు. ఇప్పుడు లాబ్రడార్‌కు ఏడేళ్లు, మోకాళ్ల నొప్పులు, ముప్పై అయిదు కిలోల బరువు. అబ్బాయి ఫోన్‌లో ‘ఇక్కడికి తెప్పిద్దాం’ అంటాడు. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడి నిబంధనలు బిగిశాయి. కుక్కకు ఆరు నెలలు నిండాలి, ఒంట్లో మైక్రోచిప్ ఉండాలి. రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మన దేశం ఉంది కనుక, ఇక్కడ టీకా వేయించుకున్న కుక్క దిగీదిగగానే అక్కడి ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో తనిఖీకి పోవాలి, ఆ కేంద్రాన్ని ముందే మాట్లాడుకుని ఉండాలి. టీకా ఒంటపట్టిందని చూపే రక్తపరీక్ష కాగితం లేకపోతే 28 రోజులు క్వారంటైన్. ఈ లెక్కంతా విన్నాక ఫోన్ అవతల మౌనం. ‘మన వాచ్‌మన్‌కు ఇచ్చేద్దాం నాన్నా’ అన్నది తర్వాత వచ్చే మాట.

వాచ్‌మన్‌కు కూడా రేపు ఇంకో అపార్ట్‌మెంట్ దొరుకుతుంది, అది ఎవరికీ తోచదు.

మిగతా కారణాలు అందరికీ తెలిసినవే. ఇంటి ఓనరు ఒప్పుకోడు, పసిబిడ్డ పుట్టింది, ఒకరికి ఆయాసం, పెంచినాయన పోయాడు. అపార్ట్‌మెంట్ సంఘాలు కుక్కల్ని నిషేధించడం చెల్లదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, కానీ అద్దె ఇంటి ఓనరుతో మార్గదర్శకాల గురించి వాదించి నెగ్గినవాణ్ణి నేను చూడలేదు. ‘కుక్కలకు ప్రవేశం లేదు’ అన్న మొదటి ఓనరు ఇంద్రుడే కదా. మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడని చెప్పుకుని మురిసిపోతాం. ధర్మరాజుకు వెనక పిల్లల స్కూలు అడ్మిషన్ లేదు, రిలీవింగ్ ఆర్డరు లేదు. లాక్‌డౌన్‌లో ఇంట్లో తోచక కుక్కను తెచ్చుకుని, ఆఫీసులు తెరవగానే వదిలించుకున్నవాళ్లది మాత్రం వేరే పద్దు. మంచుప్రాంతపు హస్కీని తెచ్చి, బండలు పొయ్యిలా కాలే తాండూరు ఎండలో మేడమీద కట్టేసినవాళ్లది ఇంకా వేరే. వాళ్ల మీద నాకు జాలి లేదు.

చట్టం ఏమంటుంది? 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పదకొండో సెక్షన్ ప్రకారం, సరైన కారణం లేకుండా, ఆకలిదప్పులతో అల్లాడే స్థితిలో జంతువును వదిలేయడం నేరం. శిక్ష మొదటిసారి పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా జరిమానా. 1960లో యాభై రూపాయలంటే నిజంగానే శిక్ష. ఇవాళ ఆ డబ్బుకు తాండూరు బస్టాండులో ఇద్దరు టిఫిన్ చేయలేరు. ఈ మొత్తాలు పెంచాలని 2022లో కేంద్రం సవరణ ముసాయిదా బయటపెట్టింది, అది చట్టం కాలేదు. అదే సెక్షన్‌లో ఎవరూ పట్టించుకోని మాట ఇంకోటుంది. కుక్కను మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువు గొలుసుతోనో గంటల తరబడి కట్టేయడం, ఎప్పుడూ కట్టేసే కుక్కను కాస్తయినా తిప్పకపోవడం కూడా నేరమే. కాపలాకని ఇచ్చిన కుక్కల్లో చాలావాటి బతుకు ఆ వాక్యంలోనే ఉంది.

వీధి కుక్కల విషయంలో చట్టం ఇంతకంటే తేటగా ఉంది. 2001 నాటి నియమాల స్థానంలో 2023 మార్చిలో కొత్త జనన నియంత్రణ నియమాలు వచ్చాయి. పట్టుకున్న కుక్కకు ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలాలి. 2025 ఆగస్టు 11న ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్న సుప్రీంకోర్టు, ఆగస్టు 22న దాన్ని సవరించి, పిచ్చి పట్టినవీ మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని వాటి చోటికే పంపమంది. అంటే మన దేశంలో వీధి కుక్కకు చట్టం దృష్టిలో ఒక చిరునామా ఉంది. పెంపుడు కుక్కకు సొంత చిరునామా లేదు, యజమాని చిరునామాయే దానిదీ. యజమాని తాళం వేసి వెళ్లగానే అది పెంపుడు కుక్కా కాదు, ఆ వీధి దానిది కాదు గనుక వీధి కుక్కా కాదు. ఆ వీధిలో పుట్టి పెరిగిన కుక్కలు మొదటి రాత్రే ఆ సంగతి దానికి తెలియజేస్తాయి.

‘స్టేషన్ దగ్గర వదిలేస్తే ఏదో తిని బతుకుతుంది’ అనేవాళ్లు ఇంకొకటి కూడా తెలుసుకోవాలి. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు బడులు, ఆస్పత్రులు, బస్టాండులు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోంచి కుక్కల్ని తీసేయాలని, తీసినవాటిని తిరిగి అక్కడ వదలకూడదని ఆదేశించింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధి కుక్కలు నాలుగేళ్ల పిల్లవాణ్ణి పొట్టన పెట్టుకున్న దృశ్యం చూసినవాళ్లెవరూ జనాల భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేరు. ఆపరేషన్ లేని, టీకా తప్పిన పెంపుడు కుక్కను రోడ్డు మీద వదిలినవాడు ఆ భయానికి తనవంతు చేర్చి పోతున్నాడు.

ఇక షెల్టర్లు. ఈ మాట అనగానే మనకు చెట్లనీడ, పచ్చిక, ప్రేమగా నిమిరే చేతులు మనసులో మెదులుతాయి. చెన్నైలో బ్లూక్రాస్ ఆఫ్ ఇండియా 1959 నుంచి, అక్కినేని అమల, నాగార్జున మొదలుపెట్టిన హైదరాబాద్ బ్లూక్రాస్ 1992 నుంచి, విశాఖలో వీఎస్‌పీసీఏ 1996 నుంచి పనిచేస్తున్నాయి. అయితే ఇలాంటి చోట్లకు ముందు చేరేవి బండి కింద పడ్డవి, పుండ్లు పడ్డవి, చావుకు దగ్గరైనవి. దిక్కులేనివాటి కోసం కట్టిన చోటులో దిక్కున్నదాన్ని తీసుకుపోయి దించడం ఎంతవరకు న్యాయం? పైగా సోఫా మీద పడుకున్న కుక్క, నూరు కుక్కల అరుపుల మధ్య సిమెంటు గదిలో పడితే ముందు తిండి మానేస్తుంది. గుంపులో పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులు అంటుకోవడమూ తేలికే. లండన్‌లో 1860లో మేరీ టీల్బీ అనే ఆవిడ తప్పిపోయిన కుక్కలకు ఆశ్రయం పెట్టినప్పుడు, మనుషులకే దిక్కులేదు, కుక్కలకు ఇల్లా అని పత్రికలు ఎగతాళి చేశాయి. బాటర్‌సీ పేరుతో ఆ సంస్థ ఇప్పటికీ ఉంది. అక్కడ షెల్టర్ అంటే ఇంకో ఇంటికి పోయే దారిలో మజిలీ. ఇంగ్లండ్‌లో 2016 నుంచి ప్రతి పెంపుడు కుక్కకూ మైక్రోచిప్ తప్పనిసరి కనుక, దొరికిన కుక్క ఎవరిదో ముందు తేలుతుంది. మన దగ్గర ఆ మొదటి మెట్టే లేదు.

హైదరాబాద్‌లో నగరపాలక సంస్థ 2025 ఆగస్టులో నాటు కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. సుప్రీంకోర్టు కూడా వీధి కుక్కల్ని దత్తత తీసుకోదలచినవాళ్లు మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చంది, తీసుకున్నాక అవి మళ్లీ వీధిన పడకుండా చూసే పూచీ వాళ్లదేనంది. మంచిదే. కానీ మేళాలో ముద్దొచ్చే రెండు నెలల పిల్లకు చేతులు చాస్తారు. మూతి నెరిసిన ఏడేళ్లదానికి చాచరు. పెంపుడు కుక్కకు ఇల్లు వెతకడంలో అసలు కష్టం వయసుదే. జాతి కుక్కయితే వయసు మళ్లినా అడిగేవాళ్లుంటారు, అందులోనూ ఆడదైతే మరీ. ఎందుకడుగుతున్నారో మీరు అడగాలి. ఏడాదికి రెండు ఈతలు తీసి పిల్లల్ని అమ్ముకునేవాడు కూడా ‘మా ఇంట్లో కుక్కలంటే ప్రాణమండీ’ అనే వస్తాడు. అందుకే ఆపరేషన్ చేయించి గానీ ఇవ్వకూడదు. ఆపరేషన్ అయిందని తెలియగానే ప్రాణం లాంటి ప్రేమ ఎంత త్వరగా చల్లారుతుందో చూడండి.

కుక్కను ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మార్చడంలో పోలీసులు మనకంటే నయం. వికారాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా హైదరాబాద్ పోయేవాళ్లు మొయినాబాద్ దాటతారు. తెలంగాణ పోలీసు జాగిలాలకు శిక్షణ అక్కడే, రిటైరైన జాగిలాలకు విశ్రాంతి కూడా అక్కడే. ఢిల్లీ మెట్రోలో పనిచేసిన జాగిలాలకు 2019లో సీఐఎస్‌ఎఫ్ మెడల్స్ వేసి మరీ వీడ్కోలు చెప్పి, ఒక స్వచ్ఛంద సంస్థకు అప్పగించింది. వేడుక సంగతి పక్కన పెట్టండి. కుక్క ఎప్పుడు దిగిపోతుందో, ఎవరి చేతికి పోతుందో ముందే కాగితం మీద ఉంటుంది. నాలుగు గోడల మధ్య బిడ్డలా పెంచుకున్న కుక్కకు మనం ఆ కాగితం ముక్క రాయం.

రాయాల్సినవి ఏమంత ఎక్కువ కావు. టీకా కార్డు, తీసుకునేవాళ్ల పేరూ ఊరూ, ‘ఉంచుకోలేకపోతే ఎవరికీ ఇవ్వను, మీకే తెచ్చి ఇస్తాను’ అన్న ఒక్క మాట, కింద సంతకం. కోర్టులో నిలుస్తుందా అంటే నిలవకపోవచ్చు. మనిషి మనసులో నిలుస్తుంది. ఇచ్చేముందు వాళ్లింటికి ఒకసారి పోయి చూడాలి. కట్నకానుకల దగ్గర మొహమాటపడని మనకు ఇక్కడ మొహమాటం దేనికి? ఇల్లు సొంతమా అద్దెనా, పగలు ఇంట్లో ఎవరుంటారు అన్న ప్రశ్నలు సరే. నా అనుభవంలో అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. ‘ఇంతకుముందు మీకు కుక్క ఉండేదా? అదేమైంది?’ ముసలిదై మా ఒళ్లోనే పోయిందన్నవాళ్లకు కళ్లు మూసుకుని ఇవ్వొచ్చు. ఎటో పోయిందండీ అన్నవాళ్లకు నమస్కారం పెట్టి రావాలి. మన కుక్కలో ఉన్న లోపం దాచి ఇవ్వడం కూడా మోసమే. అన్నం దగ్గర చెయ్యి పెడితే కరుస్తుందని తెలిసి, చిన్నపిల్లలున్న ఇంటికి చెప్పకుండా ఇచ్చినవాళ్లు నాకు తెలుసు. ఆ కుక్క మూడు ఇళ్లు మారింది.

కరణ్‌కోట కుక్కల విషయంలో మాటల సంగతి కూడా రాసివ్వాలి. కాలనీలో దేశం నలుమూలల వాళ్లుంటారు, తాండూరు బజారులో తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడం కలగలిసి వినపడతాయి. రాజును కూర్చోబెట్టాలంటే ‘బైఠ్’ అనాలి, పిలవాలంటే ‘దా దా’ అనాలి. పాలిషింగ్ యూనిట్‌లో ఎవరికీ ఇది చెప్పలేదు. అది మొండిదని, చెప్పిన మాట వినదని గొలుసు వేశారు. చిన్నాయనకు ఇది చాలా రోజుల తర్వాత తట్టింది, తట్టాక తల పట్టుకున్నాడు.

రెండోసారి ఆయన తొందరపడలేదు. రెండు నెలలు తన దగ్గరే ఉంచుకున్నాడు. తాండూరు శివారులో కంది చేను పక్కన ఇల్లున్న ముసలి దంపతులు కుదిరారు. వాళ్ల పాత కుక్క ఆ ఏడే పోయింది, చేను గట్టు మీద దాన్ని పూడ్చిన చోట బండ పాతారు. ఆ బండ చూశాక ఆయన ఇంకేమీ అడగలేదు. ఇచ్చేటప్పుడు అది పడుకునే గోనెపట్టా, తినే సత్తుపళ్లెం కూడా ఇచ్చాడు, పట్టాను ఉతకవద్దని చెప్పి మరీ. తిండి ఒక్కసారిగా మార్చవద్దని, పొట్ట పాడవుతుందని, మొదటి పది రోజులు జొన్నరొట్టె, మజ్జిగే పెట్టమని చెప్పాడు. మూడు వారాల దాకా పొడుగాటి తాడు విప్పవద్దన్నాడు. కుక్కల్ని దత్తత ఇచ్చేవాళ్లలో మూడు మూళ్ల లెక్కొకటి వాడుకలో ఉంది. మూడు రోజులు బెదురు, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకు ఇది నా ఇల్లు అనుకుంటుంది. పారిపోయేవి ఎక్కువగా మొదటి రోజుల్లోనే పారిపోతాయి. మొదటి రోజు సాయంత్రం రాజు తాడు చివరిదాకా లాగి, రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడిందట. పళ్లెం ముట్టలేదట. ముసలాయన దాని పక్కన మంచం వేసుకుని, ఏమీ మాట్లాడకుండా బీడీ కాలుస్తూ కూర్చున్నాడట. రాత్రి ఎప్పుడో పళ్లెం చప్పుడైందట.

కుక్కను ఇచ్చేయడమే పాపం, ప్రేమ ఉంటే ఎలాగైనా ఉంచుకుంటారు అని వాదించేవాళ్లున్నారు. ఆ వాదన వినడానికి బాగుంటుంది గానీ కీడు చేస్తుంది. ఇచ్చేస్తున్నానని నలుగురికి చెప్పడానికి సిగ్గుపడేవాడే రాత్రిపూట బండి మీద ఎక్కించుకుపోయి ఎక్కడో దింపి వస్తాడు. నేనైతే ఇచ్చేయడాన్ని తప్పనను. ఇచ్చి వెనక్కి తిరిగి చూడకపోవడమే తప్పు. మొదటి నెల వారానికోసారి ఫోన్ చేయాలి. పోయి చూడాలా వద్దా అన్నది కుక్కను బట్టి. చిన్నాయన రెండు నెలల దాకా దానికి కనబడలేదు, గట్టు అవతల నిలబడి చూసి వచ్చేవాడు. ఎంత వెతికినా ఇల్లు దొరకని ముసలి కుక్కలుంటాయి, నయంకాని జబ్బుతో అల్లాడేవి ఉంటాయి. వాటి విషయంలో పశువైద్యుడి మాట వినడం, చివరి నిమిషంలో పక్కనుండడం పెంచినవాళ్లు చేయగలిగిన పని. ఆ పని కూడా వాచ్‌మన్ చేత చేయించకండి.

రాజు ఆ చేను దగ్గర ఏడేళ్లు బతికింది. కరణ్‌కోట వైపు మళ్లీ రాలేదు.

ఏటా జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి జరిపే జూనోసిస్ దినం నాడు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. మీ కుక్కను తీసుకుపోయినప్పుడు ఆ టీకా కార్డు వెనక, మీ తర్వాత అది ఎవరి ఇంటికి పోవాలో వాళ్ల పేరు రాసి పెట్టండి. రాశాక వాళ్లకు ఒక మాట చెప్పండి కూడా.